‘నాది కాదు’: ఒకే ఇంటరప్ట్ లైన్ మీద కాపురం చేసే డ్రైవర్ల కథ

లైనక్స్ కర్నెల్ పడేసే ఎర్రర్ మెసేజ్‌లలో నాకు బాగా గుర్తుండిపోయేది ఒకటుంది: ‘ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్’. తెలుగులో చెప్పుకుంటే, 16వ నంబరు పిలుపుని ఎవరూ పట్టించుకోలేదు అని. ఏదో సీరియల్లో అలిగిన అత్తగారి డైలాగ్‌లా ఉంటుంది. కానీ దాని కింద కొన్ని లైన్ల తర్వాత అసలు తీర్పు ఉంటుంది: ‘డిజేబ్లింగ్ ఐఆర్‌క్యూ 16’. అంటే ఆ లైన్‌ని కర్నెల్ మూసేసింది. ఆ లైన్ మీద యూఎస్‌బీ కంట్రోలర్ ఉండొచ్చు, నెట్‌వర్క్ కార్డు ఉండొచ్చు, సౌండ్ ఉండొచ్చు. అల్లరి చేసింది వాటిలో ఒక్కటే. శిక్ష మాత్రం అన్నిటికీ.

ఇది ఎందుకిలా ఉంటుందో మన ఓఎస్ సిలబస్ చదివితే అర్థం కాదు. పుస్తకంలో బొమ్మ చాలా శుభ్రంగా ఉంటుంది: డివైజ్ ఇంటరప్ట్ పంపుతుంది, సీపీయూ చేస్తున్న పని ఆపుతుంది, వెక్టర్ టేబుల్లో నంబరు చూస్తుంది, దానికెదురుగా ఉన్న హ్యాండ్లర్‌కి దూకుతుంది. ఒక నంబరుకి ఒక హ్యాండ్లర్. పరీక్షలో ఆ బొమ్మ గీస్తే మార్కులు వచ్చేస్తాయి. మరి ఒకే నంబరు మీద నలుగురు డ్రైవర్లు కూర్చుంటే ఎవరికి దూకాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందు ఒక చిన్న మాట. ఇంటరప్ట్‌ని తెలుగులో ‘అంతరాయం’ అని రాస్తుంటారు. నాకెందుకో ఆ మాట ఇక్కడ అతకదనిపిస్తుంది. అంతరాయం అంటే టీవీలో ప్రసారం ఆగిపోవడం, కరెంటు పోవడం. ఇక్కడ జరిగేది అది కాదు, డివైజ్ మనల్ని పిలుస్తోంది. కాబట్టి ఈ వ్యాసంలో ‘ఇంటరప్ట్’ అనో ‘పిలుపు’ అనో రాస్తాను. పిలుపు అనుకుంటే, ‘పిలిచింది ఎవరు?’ అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది కూడా.

పదిహేను లైన్ల లోకం

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో 8259ఏ అనే ఇంటరప్ట్ కంట్రోలర్ చిప్ ఒకటే ఉండేది. దానికి 8 ఇన్‌పుట్ లైన్లు. 1984లో వచ్చిన పీసీ ఏటీలో ఇలాంటివి రెండు పెట్టి, రెండోదాని అవుట్‌పుట్‌ని మొదటిదాని 2వ లైన్‌కి కలిపారు. పదహారులో ఒకటి ఆ కలపడానికే పోయింది కాబట్టి మిగిలినవి 15. అందులో 0 టైమర్‌కి, 1 కీబోర్డుకి, 6 ఫ్లాపీకి, 8 గడియారానికి, 14 హార్డ్ డిస్క్‌కి. ఇలా పంచుకుంటూ పోతే కొత్త కార్డుకి మిగిలేది రెండో మూడో. సౌండ్ కార్డు కొనుక్కుని, దాని మీద జంపర్ పిన్నులు మార్చి, ఏ నంబరు ఖాళీగా ఉందో వెతుక్కునేవారట అప్పట్లో.

సరే, లేకపోతే పంచుకోవచ్చు కదా? సీరియల్ పోర్టుల విషయంలో పంచుకున్నారు కూడా. కామ్1, కామ్3 రెండూ 4వ నంబరు. కామ్2, కామ్4 రెండూ 3వ నంబరు. కానీ అప్పటి ఐఎస్‌ఏ బస్ ‘ఎడ్జ్’ పద్ధతిలో పనిచేసేది. అంటే లైన్ కింద నుంచి పైకి లేచిన ఆ ఒక్క క్షణాన్నే కంట్రోలర్ గమనిస్తుంది. లేచి అలాగే నిలబడి ఉంటే అది కొత్త పిలుపు కాదు.

ఇందులో ఉన్న గుంట చూడండి. మొదటి పోర్టు లైన్‌ని పైకి లేపింది. హ్యాండ్లర్ పరుగెత్తుకొచ్చి దాని పని చేస్తోంది. ఆ పని ఇంకా అవ్వకుండానే రెండో పోర్టు కూడా లైన్ లేపింది. కానీ లైన్ అప్పటికే పైనే ఉంది కదా, కొత్తగా లేచిందేమీ లేదు. మొదటిది తన పని అయిపోయాక చెయ్యి దించేసింది. రెండోది ఇంకా పట్టుకునే ఉంది. హ్యాండ్లర్ వెళ్లిపోయింది. ఇక లైన్ కిందకి రాదు, కాబట్టి మళ్లీ పైకి లేచే అవకాశమూ లేదు. రెండో పోర్టు పిలుపు ఎవరికీ వినపడలేదు సరే, మొదటి పోర్టు ఇకమీదట ఎంత పిలిచినా వినపడదు. ఇద్దరి నోరూ మూతపడింది.

లైనక్స్‌లో 8250 సీరియల్ డ్రైవర్ దీనికోసమే ఒక వింత లూప్ తిప్పుతుంది. ఆ లైన్ మీదున్న పోర్టులన్నిటినీ వరసగా అడుగుతూ వెళ్తుంది. ఒక పూర్తి చుట్టులో ఎవరికీ పని లేదని తేలేదాకా ఆగదు. అప్పుడే లైన్ నిజంగా కిందకి దిగినట్టు నమ్మకం. ఆ ఫంక్షన్ పైన ఉన్న కామెంట్ చదివితే నవ్వొస్తుంది: పాత పద్ధతి అనవసరంగా మెలికలు తిరిగిందని అర్జన్ అనుకున్నాడు, అందుకే సులువు చేశాం, కాదు, ఐఎస్‌ఏ పంపకాల వింత గుణానికి ఆ మెలికలు కావాల్సిందేనని అలన్ అంటాడు, అన్న అర్థంలో ఉంటుంది. ఇద్దరు పెద్దమనుషుల వాదన అలా సోర్స్ కోడ్‌లో భద్రంగా ఉండిపోయింది.

హారన్ కొట్టేవాడు పేరు చెప్పడు

1992లో పీసీఐ బస్ వచ్చాక కథ మారింది. ప్రతి స్లాట్‌కీ నాలుగు ఇంటరప్ట్ పిన్నులు: ఐఎన్‌టీ ఏ, బీ, సీ, డీ. ఇవి ‘లెవెల్’ పద్ధతిలో పనిచేస్తాయి. లైన్‌ని ఒక రెసిస్టర్ మామూలుగా పైకి పట్టి ఉంచుతుంది. పిలవాలనుకున్న డివైజ్ దాన్ని కిందకి లాగుతుంది. తన పని చూసేదాకా వదలదు. ఇద్దరు లాగినా, నలుగురు లాగినా కొంప మునగదు, లైన్ కిందే ఉంటుంది. ఒకరు వదిలినా ఇంకొకరు లాగి ఉంచితే ఇంటరప్ట్ మళ్లీ వస్తుంది. అందుకే పీసీఐలో పంచుకోవడం తప్పనిసరిగా కుదిరేలా చేశారు, డ్రైవర్లు కూడా పంచుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

దీన్ని మన హాస్టల్ గేటు దగ్గరకి తెచ్చి చూడండి. డెలివరీ అబ్బాయి వచ్చి హారన్ కొడతాడు, పేరు పిలవడు. ఎడ్జ్ అంటే ఒక్కసారి కొట్టి ఊరుకునే రకం. అదే సెకనులో ఇంకొకడు కొట్టినా రెండు హారన్లూ ఒకటిగానే వినిపిస్తాయి. లెవెల్ అంటే పార్సిల్ చేతికందేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయని రకం. చెవులు పగిలిపోతాయి గానీ ఎవరి బిర్యానీ మిస్సవదు. ఏ రకమైనా సరే, హారన్‌లో పేరు లేదు. ఆర్డర్ చేసినవాళ్లంతా తమ తమ ఫోన్ తీసి ‘నాదేనా?’ అని చూసుకోవాల్సిందే.

ఈ విషయం దగ్గర కాసేపు ఆగాలి. లైన్ మోసుకొచ్చే సమాచారం ‘ఎవరో పిలిచారు’ అన్న ఒక్క బిట్. ఎవరన్నది తెలియాలంటే ప్రతి డివైజ్‌నీ అడగాలి, ఆ అడగడం దాని డ్రైవర్‌కి మాత్రమే తెలుసు. ఎందుకంటే ‘నేనే పిలిచాను’ అని రాసి ఉండే స్టేటస్ రిజిస్టర్ ఒక్కో కార్డులో ఒక్కో చోట ఉంటుంది. 2002 నాటి పీసీఐ 2.3లో గానీ అందరికీ ఒకేచోట ఒక ఇంటరప్ట్ స్టేటస్ బిట్, నోరు మూయించే ఇంటరప్ట్ డిజేబుల్ బిట్ రాలేదు. కాబట్టి కర్నెల్‌కి వేరే దారి లేదు, డ్రైవర్ల మాట నమ్మాలి.

కర్నెల్ ఏం చేస్తుందంటే

డ్రైవర్ తన హ్యాండ్లర్‌ని నమోదు చేసుకోవడానికి ‘రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ’ అని పిలుస్తుంది. ఐదు విషయాలు ఇస్తుంది: లైన్ నంబరు, హ్యాండ్లర్ ఫంక్షన్, ఫ్లాగ్స్, ఒక పేరు, చివర్లో ‘డెవ్_ఐడీ’ అనే పాయింటర్. పంచుకోవడానికి ఒప్పుకుంటే ఫ్లాగ్స్‌లో ‘ఐఆర్‌క్యూఎఫ్_షేర్డ్’ పెట్టాలి. ఈ ఒప్పుకోలు అందరి నుంచీ రావాలి. మొదట వచ్చినవాడు ఆ ఫ్లాగ్ పెట్టకుండా ‘నాకొక్కడికే’ అని కూర్చుంటే తర్వాత వచ్చినవాళ్లకి ‘బిజీ’ అన్న ఎర్రరే. ఒకరు లెవెల్ అని, ఇంకొకరు ఎడ్జ్ అని అడిగినా అంతే.

డెవ్_ఐడీ దగ్గర చాలామంది నల్ పడేస్తారు, ఎందుకో అర్థం కాక. పంచుకునే లైన్ మీద నల్ ఇస్తే కర్నెల్ ఒప్పుకోదు. ఒకే కంపెనీ నెట్‌వర్క్ కార్డులు రెండు ఒకే లైన్ మీద ఉన్నాయనుకోండి. డ్రైవర్ ఒకటే, హ్యాండ్లర్ ఫంక్షన్ ఒకటే. ఇప్పుడు ఏ కార్డు రిజిస్టర్ చదవాలో హ్యాండ్లర్‌కి తెలిసేది ఈ పాయింటర్ వల్లే. రేపు ఒక కార్డు తీసేసేటప్పుడు లిస్ట్‌లో ఏ ఎంట్రీ పీకాలో ‘ఫ్రీ_ఐఆర్‌క్యూ’కి తెలిసేదీ దీనివల్లే.

లిస్ట్ అన్నాను కదా, నిజంగా లిస్టే. ప్రతి ఐఆర్‌క్యూ నంబరుకి ఒక డిస్క్రిప్టర్, దానికి ‘ఐఆర్‌క్యూయాక్షన్’ అనే స్ట్రక్చర్లు నెక్స్ట్ పాయింటర్‌తో గొలుసుగా వేలాడుతూ ఉంటాయి. సెకండ్ ఇయర్ ల్యాబ్‌లో రాసిన సింగ్లీ లింక్డ్ లిస్ట్ ఇక్కడ జీతానికి పనిచేస్తోంది. పిలుపు రాగానే కర్నెల్ ఆ గొలుసు మొదటి నుంచి చివరిదాకా నడుస్తూ ప్రతి హ్యాండ్లర్‌నీ పిలుస్తుంది. మధ్యలో ఒకరు ‘అవును, నాదే’ అన్నా ఆగదు.

ఎందుకు ఆగదు? ఇద్దరు ఒకేసారి పిలిచి ఉండొచ్చు. లెవెల్ లైన్ అయితే మొదటి ‘అవును’ దగ్గర ఆగినా రెండోసారి ఇంటరప్ట్ వస్తుంది, కాస్త ఖర్చెక్కువ అంతే. ఎడ్జ్ లైన్ అయితే రెండోవాడి పని గల్లంతే. పైగా గొలుసు మొదట్లో బాగా బిజీగా ఉండే కార్డు ఉంటే చివర్లో ఉన్నవాడి వంతు వచ్చేసరికి ఆలస్యం. అందరినీ అడగడమే మేలు. దీనికీ ఖర్చు లేకపోలేదు: పీసీఐ కార్డు రిజిస్టర్ ఒక్కటి చదవడానికి సీపీయూ వందల సైకిళ్లు ఊరికే నిలబడాలి. పక్కవాడి ప్రతి ప్యాకెట్‌కీ మన హ్యాండ్లర్ లేచి, రిజిస్టర్ చదివి, కాదని చెప్పి పడుకోవాలి.

ఒక మంచి హ్యాండ్లర్ ఇంతే ఉంటుంది:

స్టేటస్ ← నా కార్డు రిజిస్టర్ చదువు
స్టేటస్ సున్నా అయితే: ‘ఐఆర్‌క్యూ_నన్’ చెప్పి వెళ్లిపో
స్టేటస్ బిట్లన్నీ ఒకట్లే అయితే: ‘ఐఆర్‌క్యూ_నన్’ చెప్పి వెళ్లిపో
కార్డుకి ‘విన్నాను’ అని రాయి (లైన్ వదులుతుంది)
పని చెయ్యి, లేదా తర్వాత చేసేలా పెట్టు
‘ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్’ చెప్పు

మూడో లైన్ చూసి ఆగుంటారు. పీసీఐ బస్ మీద జవాబిచ్చేవాడు లేకపోతే చదివినప్పుడు అన్నీ ఒకట్లే వస్తాయి. కార్డు పీకేసినా, కరెంటు ఆఫ్‌లో ఉన్నా అంతే. స్టేటస్‌లో అన్ని బిట్లూ వెలిగాయి కదా అని సంబరంగా పనిలోకి దిగితే, లేని కార్డు పంపిన లేని ప్యాకెట్ల కోసం వెతుకుతాం. రియల్‌టెక్ 8139 చిప్‌కి ఉన్న ‘8139సీపీ’ డ్రైవర్ తెరిచి చూడండి: స్టేటస్ సున్నా అయినా, పదహారు బిట్లూ ఒకటైనా, ఒకే ‘ఇఫ్’లో పట్టుకుని నాది కాదు అని వచ్చేస్తుంది. డ్రైవర్ కోడ్ మొదటిసారి చదివేవాళ్లకి నేను సజెస్ట్ చేసేది ఇదే, ఎందుకంటే చిన్నది.

రెండు రకాల అబద్ధాలు

హ్యాండ్లర్ ఇచ్చే ఈ జవాబు మొదటి నుంచీ లేదు. లైనక్స్ 2.4 కాలంలో హ్యాండ్లర్ రిటర్న్ టైప్ వాయిడ్. ఎవరైనా పట్టించుకున్నారో లేదో కర్నెల్‌కి తెలిసే దారే లేదు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 నాటికి ఈ ‘నాదే’, ‘నాది కాదు’ వచ్చి చేరాయి. ఎవరూ వదిలించని లైన్ ఒకటి కిందకి లాగి ఉంటే ఏమవుతుందో ఊహించండి: హ్యాండ్లర్లు పూర్తవగానే మళ్లీ ఇంటరప్ట్, మళ్లీ, మళ్లీ. సీపీయూ ఇంకే పనీ చేయదు. బయటికి మెషీన్ హ్యాంగ్ అయినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు కర్నెల్ లెక్క పెడుతుంది. ఒక లైన్ మీద ప్రతి 1,00,000 ఇంటరప్ట్‌లకోసారి చూసుకుంటుంది: అందులో 99,900 కంటే ఎక్కువసార్లు గొలుసులో అందరూ ‘నాది కాదు’ అనే అన్నారా? అయితే లైన్ ఎక్కడో ఇరుక్కుపోయింది అని తీర్మానించి, మెసేజ్ వేసి, మూసేస్తుంది. మిగిలిన ఆ 100 ఎందుకంటే, చెడిపోయినవాడి పక్కనే బుద్ధిగా పనిచేసే పొరుగువాడు ఉండొచ్చు, అతని నిజమైన ‘నాదే’లు కొన్ని కలిసి ఉండొచ్చు అని. ఇది నా ఊహ కాదు, ఆ కోడ్ పక్కన కామెంట్‌లోనే ఉంది. హాస్టల్ భాషలో చెప్పాలంటే, లక్షసార్లు హారన్ మోగినా ఎవరూ కిందకి రాకపోతే వాచ్‌మన్ అంకుల్ గేటుకి తాళం వేసేశాడు. ఇక ఎవరి పార్సిలూ లోపలికి రాదు.

అంత ఓపిక ఎందుకన్న డౌటు రావచ్చు. అప్పుడప్పుడు అందరూ ‘నాది కాదు’ అనడం మామూలే. కార్డుకి ‘విన్నాను’ అని రాసిన రాత పీసీఐ బస్ మీద వెంటనే చేరదు, దారిలో బఫర్లలో కాసేపు ఆగుతుంది. ఈలోపు హ్యాండ్లర్ ముగిసిపోతే, లైన్ ఇంకా కిందే ఉంది కాబట్టి ఇంకో ఇంటరప్ట్ వస్తుంది; తీరా చూస్తే అప్పటికి కార్డు వదిలేసి ఉంటుంది. ఎవరిదీ కాని పిలుపు. ఇలాంటివాటికి గేటు మూస్తే ఎలా?

ఇక అబద్ధాల సంగతి. మొదటి రకం: నాదైనా ‘నాది కాదు’ అనడం, లేదా కార్డుకి విన్నానని రాయకపోవడం. దీని ఫలితం పైన చెప్పిందే, లైన్ మూత, పొరుగువాళ్లు రోడ్డు మీద. రెండో రకం: ఏమీ చూడకుండా ప్రతిసారీ ‘నాదే, చూసుకున్నా’ అనడం. నా లెక్కలో ఇదే ప్రమాదకరమైనది. అన్నీ సవ్యంగా ఉన్నన్నాళ్లూ దీనివల్ల ఏమీ తేడా రాదు. టెస్టింగ్‌లో పాసవుతుంది, డెమోలో పాసవుతుంది. కానీ ఏదో ఒకరోజు పక్క డివైజ్ లైన్‌ని పట్టుకుని వదలకపోతే కర్నెల్ లెక్కలో ప్రతి పిలుపుకీ ‘చూసుకున్నారు’ అనే పడుతుంది. 99,900 ఎప్పటికీ దాటదు. తాళం పడదు, మెసేజ్ రాదు, మెషీన్ మాత్రం కదలదు. గేటు దగ్గర హారన్ మోగుతూనే ఉంటుంది, పైనుంచి ఒకడు కిందకి దిగకుండానే ‘వస్తున్నా’ అని అరుస్తూనే ఉంటాడు.

ఎవరూ అబద్ధం ఆడకపోయినా గేటు మూతపడే కేసు ఒకటుంది. అసలు డ్రైవరే లోడ్ అవ్వని డివైజ్, బూట్ సమయంలో లైన్ లాగి అలాగే ఉంది. గొలుసులో ఉన్నవాళ్లంతా నిజాయితీగా నాది కాదంటారు. నిజంగానే కాదు. అందుకే ‘నోబడీ కేర్డ్’ మెసేజ్ కింద ‘హ్యాండ్లర్స్’ అని పేర్లు వస్తే వాళ్లని దొంగలనుకోకండి. వాళ్లు సాక్షులు. అడిగితే కాదన్నవాళ్ల జాబితా అది. అసలు దోషి పేరు అందులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో ఎవరైనా మీకు ఇలాంటి లాగ్ ఇచ్చి ఫలానా డ్రైవర్‌లో బగ్ ఉంది అంటే, ముందు ఆ లైన్ మీద ఇంకెవరున్నారో చూడండి. చచ్చిపడి ఉన్న డివైజ్‌కీ తప్పు చేసిన డివైజ్‌కీ మధ్య సంబంధం ఒకే తీగ మీద ఉండటమే కావచ్చు.

చేసి చూడాలనుకుంటే

దీనికి పాత హార్డ్‌వేర్ అక్కర్లేదు, క్యూఈఎమ్‌యూ చాలు. అందులో ‘ఎడ్యు’ అనే ఉత్తుత్తి పీసీఐ డివైజ్ ఉంది. చెక్ రిపబ్లిక్‌లోని మసారిక్ యూనివర్సిటీలో పాఠం చెప్పడం కోసమే తయారుచేశారు. హెక్స్ 60 అడ్రస్‌లో ఏదైనా రాస్తే ఇంటరప్ట్ లేపుతుంది, హెక్స్ 24లో స్టేటస్ చూపిస్తుంది, హెక్స్ 64లో రాస్తే విన్నట్టు లెక్క. మామూలు ‘పీసీ’ మెషీన్ టైప్‌లో దీన్నీ, ఒక ఆర్‌టీఎల్8139 నెట్‌వర్క్ కార్డునీ నాలుగు స్లాట్ల తేడాతో పెట్టండి, ఉదాహరణకి 5, 9. పిన్నుల్ని స్లాట్‌కొకటి చొప్పున తిప్పుతూ నాలుగు లైన్లకి కలుపుతారు కాబట్టి నాలుగు తేడా ఉంటే ఇద్దరూ ఒకే లైన్ మీద పడతారు. సాధారణంగా 10 లేదా 11. ప్రాక్ డైరెక్టరీలో ‘ఇంటరప్ట్స్’ ఫైల్ తెరిస్తే ఒకే వరసలో కామాతో రెండు పేర్లూ కనిపిస్తాయి. ఎడ్యుకి ఒక చిన్న మాడ్యూల్ మనమే రాసుకోవాలి, ఎమ్‌ఎస్‌ఐ ఎనేబుల్ చేయకుండా.

ముందు నిజాయితీ వెర్షన్ రాయండి, పింగ్ హాయిగా నడుస్తుంది. తర్వాత హెక్స్ 64లో రాసే లైన్ తీసేసి, ఎప్పుడూ ‘ఐఆర్‌క్యూ_నన్’ ఇవ్వండి. హెక్స్ 60లో ఒక్కసారి 1 రాయగానే కౌంటర్ లక్షకి పరుగెడుతుంది, మెసేజ్ పడుతుంది, లైన్ మూతపడుతుంది. ఏ పాపమూ ఎరగని నెట్‌వర్క్ కార్డు ఈడుస్తుంది. పూర్తిగా చావదు, ఎందుకంటే ఇలా మూసేసిన లైన్ల హ్యాండ్లర్లని కర్నెల్ సెకనులో పదో వంతుకోసారి ఊరికే పిలిచి చూస్తుంది. అందుకే పింగ్ జవాబులు వంద మిల్లీసెకన్ల దాకా లేటుగా వస్తాయి. ఇక మూడోసారి అదే కోడ్‌లో ‘ఐఆర్‌క్యూ_హ్యాండిల్డ్’ ఇచ్చి చూడండి. మెసేజ్ ఉండదు. టెర్మినల్ నత్తలా మారుతుంది. అసలైన బోర్డు మీద ఇంకా ఘోరంగా ఉండొచ్చు; క్యూఈఎమ్‌యూ లెవెల్ ఇంటరప్ట్ వరసగా 10,000 సార్లు తిరిగొస్తే మధ్యలో చిన్న గ్యాప్ ఇచ్చి కనికరిస్తుంది.

పొరుగువాడి పిలుపు ఎప్పుడైనా రావచ్చు

పంచుకునే లైన్‌కి ఇంకో మెలిక ఉంది. మన కార్డు ఇంకా పిలవడం మొదలుపెట్టకపోయినా మన హ్యాండ్లర్‌ని పిలుస్తారు. రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ తిరిగొచ్చేలోపే, పక్కవాడి పిలుపు మీద, మన ఫంక్షన్ నడవొచ్చు. అప్పటికి రిజిస్టర్ల మ్యాపింగ్ అవ్వలేదా, స్పిన్‌లాక్ ఇనిషియలైజ్ చేయలేదా, అక్కడికక్కడే క్రాష్. కాబట్టి అన్నీ సర్దుకున్నాకే నమోదు. వెళ్లేటప్పుడు దీనికి తిరగేసి: ముందు కార్డు నోరు మూయించాలి, తర్వాత ఫ్రీ_ఐఆర్‌క్యూ, ఆ తర్వాతే మ్యాపింగ్ తీసేయడం, మెమరీ వదిలేయడం. కార్డు నోరు మూయించకుండా వెళ్లిపోతే, పైన చెప్పిన డ్రైవర్ లేని డివైజ్ కేసు మనమే తయారుచేసినవాళ్లమవుతాం.

ఈ వరస తప్పు సాధారణ టెస్టింగ్‌లో దొరకదు, పొరుగువాడు సరిగ్గా ఆ మైక్రోసెకనులో పిలవాలి కదా. అందుకే ‘కాన్ఫిగ్_డీబగ్_షిర్క్’ అని కర్నెల్‌లో ఒక ఆప్షన్ ఉంది. అది ఆన్‌లో ఉంటే, పంచుకునే హ్యాండ్లర్‌ని తీసేసేటప్పుడు ఒకసారి (ఒకప్పుడు నమోదైన వెంటనే కూడా) కర్నెలే కావాలని దొంగ పిలుపు పిలుస్తుంది. పెళ్లికి ముందు చెప్పకుండా ఇంటికొచ్చి చూసి వెళ్లే మేనత్తలాగా. ఇల్లు సర్ది ఉంటే సరే.

అలాగే ‘డిజేబుల్_ఐఆర్‌క్యూ’ అన్న ఫంక్షన్‌ని పంచుకునే లైన్ మీద తేలిగ్గా వాడకూడదు. మన పని కోసం కాసేపు నిశ్శబ్దం కావాలంటే మన కార్డులోని మాస్క్ రిజిస్టర్ ఉంది. లైన్ మూసేస్తే పక్కింటివాళ్లకీ కరెంటు కట్ చేసినట్టే.

ఇదంతా ఇంకా ఉందా?

మీ ల్యాప్‌టాప్‌లో ఇంటరప్ట్స్ ఫైల్ తెరిస్తే చాలా వరసల్లో ‘ఎమ్‌ఎస్‌ఐ’ అని ఉంటుంది. అందులో తీగే లేదు. డివైజ్ ఒక నిర్ణీత మెమరీ అడ్రస్‌కి ఒక విలువ రాస్తుంది, అదే పిలుపు. పేరు పిలిచి మరీ ఇచ్చే డెలివరీ. ఒక డివైజ్ ఎమ్‌ఎస్‌ఐతో 32 దాకా, ఎమ్‌ఎస్‌ఐ-ఎక్స్‌తో 2,048 దాకా పిలుపులు పెట్టుకోవచ్చు, పంచుకోవాల్సిన అవసరమే లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో పాత ఐఎన్‌టీ తీగలు కూడా నిజం తీగలు కావు, ‘లాగాను’, ‘వదిలాను’ అనే రెండు మెసేజ్‌లుగా నటిస్తాయి. అయినా పవర్ బటన్, బ్యాటరీ లాంటివాటి కోసం ఉండే ఏసీపీఐ పిలుపు ఇవాళ్టికీ సాధారణంగా 9వ నంబరు మీద షేర్డ్ ఫ్లాగ్‌తోనే నమోదవుతుంది.

పంచుకోవడం ఇప్పుడు ఎక్కువగా కనిపించేది చిన్న బోర్డుల మీద. పిన్నులు తక్కువ కాబట్టి రెండు మూడు సెన్సర్ల ఇంటరప్ట్ కాళ్లని కలిపి ఒకే జీపీఐఓకి కట్టేస్తారు. అక్కడ కొత్త చిక్కు: సెన్సర్ ఐ2సీ బస్ మీద ఉంటే దాని స్టేటస్ చదవడానికి నిద్రపోగల కోడ్ కావాలి, ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నిద్రపోకూడదు. అంటే ‘నాదేనా?’ అన్న ప్రశ్నకి అక్కడికక్కడ జవాబు చెప్పలేం. అందుకని చదివే పనిని ఒక థ్రెడ్‌కి అప్పగించి, ‘ఐఆర్‌క్యూఎఫ్_వన్‌షాట్’ అనే ఫ్లాగ్ పెడతారు. లైన్ పంచుకునే డ్రైవర్లందరూ ఈ ఫ్లాగ్ విషయంలోనూ ఒకే మాట మీద ఉండాలి. లేచిన థ్రెడ్లు అన్నీ తమ సెన్సర్‌ని అడిగి ముగించేదాకా కర్నెల్ ఆ లైన్ తెరవదు. కాబట్టి ఆ లైన్ వేగం ఎంత అంటే, దాని మీదున్న అన్నిటికంటే నెమ్మది సెన్సర్ వేగం ఎంతో అంత.